వొంటికి రాసే వెన్న

చలిగాలి మొదలైందంటే మన ఆడవాళ్లకి రెండు పనులు పడతాయి. పెట్టె అడుగున వున్న రగ్గులు తీసి ఎండవెయ్యడం ఒకటి, పగిలిన మడమలకి ఏదో ఒకటి రాసుకోవడం రెండోది. అమ్మమ్మల కాలంలో ఆ ఏదో ఒకటి వెన్నపూసో, నెయ్యో, కొబ్బరినూనో. ఇప్పుడు అది అందమైన డబ్బాలో ‘బాడీ బటర్’ అనే పేరుతో వస్తోంది. పేరు ఇంగ్లీషుది కాబట్టి వస్తువూ ఆ సీమలోనే పుట్టిందనుకుంటాం. కాని యీ వెన్నకి పుట్టిల్లు వేరు, మెట్టిల్లు వేరు.

లేపనాల చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా గేలెన్‌తో మొదలుపెడతారు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో రోమ్ చక్రవర్తి మార్కస్ అరీలియస్‌కి వైద్యం చేసిన గ్రీకు వైద్యుడాయన. తేనెమైనాన్ని ఆలివ్ నూనెలో కరిగించి, నీళ్లు కలిపి గిలక్కొట్టిన లేపనం ఆయన పేరు మీదే చెలామణీ అయింది. రాసుకోగానే అందులోని నీరు ఆవిరై వొంటికి చల్లగా తగులుతుంది. ‘కోల్డ్ క్రీమ్’లో చల్లదనం అదే. మన ఆయుర్వేదంలో యిలాటిదే ఒకటుంది, శతధౌత ఘృతమని. నెయ్యిని రాగిపాత్రలో వేసి, నీళ్లు పోసి మర్దించి, ఆ నీళ్లు వొంపేసి మళ్లీ పోసి, అలా నూరుసార్లు కడగాలి. చివరికి నేతివాసన పోయి తెల్లటి నురగలాటి లేపనం మిగులుతుంది. నూరుసార్లు కడగమని గ్రంథం చెబుతుంది. కడిగిన చేతుల సంగతి మాత్రం ఏ గ్రంథమూ చెప్పదు.

ఆ చేతుల కథ తెలియాలంటే ఆఫ్రికా వెళ్లాలి. సెనెగల్ నుంచి ఉగాండా దాకా, ఎడారికి దిగువన పరుచుకున్న గడ్డినేలల్లో షియా చెట్టు పెరుగుతుంది. కాపుకి రావడానికే పదిహేను, ఇరవై యేళ్లు పడుతుంది. వచ్చాక తరాలపాటు కాస్తూనే వుంటుంది. 1352లో మాలి రాజ్యానికి వెళ్లిన యాత్రికుడు ఇబ్న్ బతూతా యీ కాయల నూనెని వంటకీ, దీపాలకీ, వొంటికీ వాడతారనీ, మట్టిలో కలిపి ఇళ్లకి పూస్తారనీ రాశాడు.

ఆ తరవాత నాలుగు శతాబ్దాలకి, 1796లో, మంగో పార్క్ అనే స్కాట్లండు యువకుడు నైజర్ నది జాడ వెతుక్కుంటూ సెగూ పట్నం చేరాడు. రాజు దర్శనం యివ్వలేదు. వూళ్లో ఎవరూ గడప తొక్కనివ్వలేదు. పగలంతా తిండిలేకుండా చెట్టుకింద కూర్చున్నాడు. సాయంత్రం గాలివాన కమ్ముకొస్తుంటే, పొలం పని ముగించుకుని వస్తున్న ఒకామె ఆగింది. సంగతి అడిగి, అతని గుర్రపు జీను తానే భుజాన వేసుకుని, తన గుడిసెకి తీసుకెళ్లింది. చాప పరిచి, చేప కాల్చి పెట్టింది. ఆ యింటి ఆడవాళ్లు రాత్రి చాలాసేపు పత్తి వడుకుతూ, దిక్కులేని ఆ అతిథి మీద అప్పటికప్పుడు పాట కట్టి పాడుకున్నారు. తెల్లవారి అతను కృతజ్ఞతగా యివ్వగలిగింది, వెయిస్ట్‌కోటుకి మిగిలిన నాలుగు ఇత్తడి గుండీల్లో రెండు.

ఆ ప్రయాణంలోనే అతను షియా వెన్న చూశాడు. ఉప్పు వెయ్యకుండానే ఏడాదంతా నిలవుంటుందనీ, ఆవువెన్న కంటె తెల్లగా, గట్టిగా, రుచిగా వుందనీ 1799లో అచ్చయిన తన పుస్తకంలో మెచ్చుకున్నాడు. శాస్త్రజ్ఞులు ఆ చెట్టు పేరులో అతని పేరు చేర్చి చాలాకాలం ‘బ్యుటిరోస్పెర్మమ్ పార్కీ’ అని పిలిచారు. అన్నం పెట్టినామె పేరు మాత్రం అతని పుస్తకంలోనే లేదు!

చెప్పొద్దూ, ఆ వెన్న తియ్యడం మాటలతో అయ్యే పని కాదు. తెల్లవారకముందే లేచి రాలిన పళ్లు ఏరాలి. గుజ్జు తిని, గింజలు వుడకబెట్టి, ఎండబెట్టి, పెంకు కొట్టి, పప్పు వేయించి, దంచి నూరాలి. ఆ ముద్దలో నీళ్లు పోసి చేత్తో చిలుకుతూ పోతే, మనకి మజ్జిగలో వెన్న తేలినట్టు తెల్లటి కొవ్వు పైకి తేలుతుంది. దాన్ని కడిగి, కాచి, వడకట్టాలి. తల్లి కూతురికి నేర్పే విద్య యిది. ‘ఆడవాళ్ల బంగారం’ అని దానికి పేరు. అయితే ఎగుమతయ్యే షియాలో ఎక్కువభాగం చాక్లెట్లూ మిఠాయిల తయారీకే పోతుంది. గింజ అమ్మిన పల్లెకి దక్కేదెంత, డబ్బా మీద వేసిన ధర ఎంత అని లెక్క వేసుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అంత దూరం ఎందుకూ? మన సపోటా, అడవిలో ఇప్ప, ఆ షియా, మూడూ ఒకే కుటుంబంలోవి. ఇప్ప అనగానే మనకి సారా గుర్తొస్తుంది గాని గింజ గుర్తురాదు. ఆదిలాబాదు అడవుల్లో గోండులకి ఇప్పనూనె వంటకీ, దీపానికీ పనికొస్తుంది. చలికి అదీ వెన్నలా పేరుకుంటుంది. వొంటికి రాస్తే అదే మృదుత్వం.

ఇంట్లో చేసుకుంటామంటారా? అది సులువే. కప్పు షియా వెన్నని, వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి సన్నటి సెగ మీద కరిగించండి. పావుకప్పు కొబ్బరినూనె కలిపి, గిన్నెని చల్లటి నీళ్లలో వుంచి త్వరగా చల్లార్చండి. నిదానంగా చల్లారితే రవ్వరవ్వగా అవుతుంది. సగం పేరుకున్నాక గిలకతో గిలక్కొడితే నురగలా పొంగుతుంది. వేసవిలో కరిగిపోకుండా చెంచాడు తేనెమైనం కరిగించేటప్పుడే వెయ్యండి. నీటిచుక్క తగలకూడదు, తగిలితే బూజు పడుతుంది. తియ్యడానికి పొడి చెంచాయే వాడండి. ముందు మోచేతి దగ్గర కొంచెం రాసి, ఒక రోజు చూసుకోండి. స్నానం కాగానే వొంటి తడి పూర్తిగా ఆరకముందే రాసుకోవాలి. ఎందుకంటే వెన్న నీళ్లనివ్వదు, వున్న నీటిని పోనివ్వదు, అంతే.

షియా వెన్న కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. ఏ దేశంలో, ఎవరు తీసిందో డబ్బా మీద రాశారేమో కూడా చూడండి. సహకార సంఘాలుగా కూడి తామే వెన్న తీసి అమ్ముకుంటున్న స్త్రీలు ఘానాలోనూ బుర్కినా ఫాసోలోనూ వున్నారు. రెండు ఇత్తడి గుండీలతో తీరే రుణం కాదది.