రెండు క్రియలకు ఒకే గతం

స్పానిష్ నేర్చుకునేవాళ్ళు భూతకాలం దగ్గరికి రాగానే ఒకచోట తప్పకుండా ఆగిపోతారు. 'సేర్' అంటే ఉండడం, 'ఇర్' అంటే వెళ్ళడం. వర్తమానంలో ఈ రెంటికీ పోలికే లేదు. భూతకాలంలో మాత్రం రెంటిదీ ఒకటే రూపం. 'ఫుయి' అంటే ఉన్నాననీ, వెళ్ళాననీ. 'ఫ్వే' అంటే ఉన్నాడనీ, వెళ్ళాడనీ. హైదరాబాద్‌లో సాయంత్రాలు ఈ భాష చెప్పే నన్ను పిల్లలు అడిగే మొదటి గట్టి ప్రశ్న ఇదే: "ఏది ఏదో ఎలా తెలుస్తుంది సార్?" పక్కనున్న మాటను బట్టి తెలుస్తుంది. 'ఫ్వే మెదికో' అంటే డాక్టరుగా చేశాడు, 'ఫ్వే ఆ లిమా' అంటే లిమా వెళ్ళాడు. పరీక్షకు ఆ జవాబు సరిపోతుంది, నాకు సరిపోదు. ఇలా ఎందుకయిందో తెలిస్తే ఆ పట్టిక బట్టీపట్టే పనే ఉండదని నా నమ్మకం.

లాటిన్‌లో 'ఉండు' అనే క్రియ 'ఎస్సె'. దాని భూతకాలం మాత్రం వేరే ధాతువు నుంచి వచ్చిన 'ఫుయి'. ఆ ధాతువూ సంస్కృతంలోని 'భూ' ధాతువూ ఒకే మూలం నుంచి పుట్టాయి. సంస్కృతంలో 'అభూత్', లాటిన్‌లో 'ఫుయిత్'. మనం బళ్ళో నేర్చుకున్న 'భూతకాలం' అన్న మాటలోనే ఆ ధాతువు ఉంది, 'భవిష్యత్తు'లోనూ ఉంది. మనది ద్రావిడ భాషే అయినా వ్యాకరణ పరిభాషను సంస్కృతం నుంచి తెచ్చుకోబట్టి ఈ చుట్టరికం మనదాకా వచ్చింది. క్లాసులో ఈ సంగతి చెప్పకుండా నేను ముందుకు పోను.

ఇక 'వెళ్ళు'కు లాటిన్ క్రియ 'ఇరె'. దాని భూతకాలం 'ఇఈ'. రెండు అచ్చులు తప్ప ఇంకేమీ లేని మాట, జనం నోట్లో నిలవలేదు. వర్తమానంలోనూ 'ఇరె' చాలావరకు వెనక్కి తగ్గి 'వాదెరె' అనే ఇంకో క్రియకు చోటిచ్చింది. నేటి 'బోయ్', 'బాస్', 'బా' దాని నుంచి వచ్చినవే. భూతకాలంలో ఖాళీ అయిన చోట 'ఫుయి' వచ్చి కూర్చుంది. ఒక ఊళ్ళో ఉండి వచ్చినవాడు ఆ ఊరికి వెళ్ళినవాడే కదా! ఈ జారుడు ఎప్పుడో మొదలైంది. 1వ శతాబ్దంలో పెత్రోనియుస్ రాసిన 'సతిరికోన్'లో విందుకు వచ్చిన ఒకాయన, ఆ రోజు తానొక శవయాత్రకు వెళ్ళివచ్చానని చెబుతాడు. ఆయన వాడిన క్రియ 'ఫుయి'. కాని పక్కనున్న నామవాచకానికి 'లో' అనే అర్థమిచ్చే విభక్తి కాకుండా, 'లోకి' అనే అర్థమిచ్చే ద్వితీయ పెట్టాడు. క్రియ ఉండడానిది, విభక్తి వెళ్ళడానిది. నాకు ఆ ఒక్క విభక్తి ప్రత్యయం చూస్తే ఎంత ముచ్చటో! ఇటలీలో ఈ కలయిక స్థిరపడలేదు, అక్కడ 'ఫు' వేరు, 'అందొ' వేరు. స్పానిష్, పోర్చుగీసు మాత్రం రెంటినీ కలిపేసుకున్నాయి.

స్పానిష్‌కు తొలి అచ్చు వ్యాకరణం 1492 ఆగస్టులో సాలమాంకాలో వచ్చింది. రాసినవాడు ఆంతోనియో దె నెబ్రిహా. కొలంబస్ ఓడలు పాలోస్ రేవు వదిలిన నెల కూడా అదే. అందులో ఐదో భాగాన్ని ఆయన పరభాషల వాళ్ళ కోసమే కేటాయించాడు. అంటే మా క్లాసుకు మూలపురుషుడు ఆయనే.

కాని నేను ఎక్కువ రుణపడింది ఆంద్రెస్ బేయోకు. 1781లో కారకాస్‌లో పుట్టి, లండన్‌లో పంతొమ్మిదేళ్ళు గడిపి, 1829లో చిలీ చేరాడు. లాటిన్ ముక్కలైనట్టు స్పానిష్ కూడా కొత్త దేశాల్లో ముక్కలైపోతుందేమోనని బెంగపడి, 1847లో అమెరికా ఖండాల వాళ్ళ కోసం వ్యాకరణం రాశాడు. స్పానిష్‌లో 'ఫ్వే' కాక ఇంకో భూతకాలమూ ఉంది. అందులోని 'ఎరా' (ఉండేవాడు) లాంటి రూపాలకు ఆయన 'కొప్రెతేరితో' అని పేరు పెట్టాడు. ఒక గతంతో పాటే సాగుతున్న మరో గతం అని భావం. మెక్సికో బళ్ళలో ఇప్పటికీ ఆ పేరే చెబుతారు. ఈ తేడా తెలుగువాళ్ళకు చిటికెలో పట్టుబడుతుంది, మనకు 'వెళ్ళాడు', 'వెళ్ళేవాడు' రెండూ ఉన్నాయి కాబట్టి. 'ఫ్వే' అంటే వెళ్ళాడు, 'ఇబా' అంటే వెళ్ళేవాడు. 'ఫ్వే మెదికో' అంటే డాక్టరుగా చేశాడు, ఆ కథ అయిపోయింది. 'ఎరా మెదికో' అంటే అప్పట్లో డాక్టరుగా ఉండేవాడు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటే ఈ రెండోదాని దగ్గరే తికమకపడతారు. తెలుగు మీదుగా రమ్మని నేను పట్టుబట్టేది అందుకే.

పెళ్ళి, సభ, ప్రమాదం లాంటివాటికి 'ఫ్వే' అంటే జరిగింది అని. 'లా బోదా ఫ్వే ఎన్ లిమా' అంటే పెళ్ళి లిమాలో జరిగింది. దాని ముందు 'సె' చేరిస్తే వెళ్ళిపోయాడు అవుతుంది. 'సె ఫ్వే లా లూస్' అంటే అచ్చంగా మనం అనే 'కరెంటు పోయింది'. ఇంట్లో పెద్దాయన కన్నుమూస్తే 'సె నోస్ ఫ్వే' అంటారు. మనమూ పోయారనే అంటాం.

పాత పుస్తకాల్లో 'ఫ్వే' చివరి అచ్చు నెత్తిన చిన్న ఏటవాలు గీత కనిపిస్తుంది. స్పానిష్ అకాడమీ 1952లో తయారుచేసిన కొత్త నియమాలు 1959 జనవరి 1 నుంచి తప్పనిసరై, ఆ గీత పోయింది. పాత పుస్తకాల దుకాణంలో అచ్చు సంవత్సరం చిరిగిపోయిన పుస్తకం దొరికితే నేను ముందు 'ఫ్వే' కోసమే వెతుకుతాను.

ఇప్పటికీ ఈ క్రియ వాడుక అన్ని చోట్లా ఒకటి కాదు. పొద్దున బజారుకు వెళ్ళిన సంగతి సాయంత్రం చెప్పాలంటే మాడ్రిడ్‌లో 'ఎ ఇదో' అంటారు, మెక్సికోలో 'ఫుయి' అంటారు. మా క్లాసు నుంచి ఉద్యోగాలకు మెక్సికో వెళ్ళేవాళ్ళే ఎక్కువ. కాబట్టి పుస్తకంలో 'ఎ ఇదో' పాఠం ముందున్నా, నేను 'ఫుయి'తోనే మొదలుపెడతాను.