పొలిమేరకు కట్టిన కంచె గడపకెందుకు కట్టలేదు?

2020 మార్చి చివరి వారం. లాక్‌డౌన్ మొదలై నాలుగు రోజులైంది. నాన్నగారి మందులు ఇచ్చి రావడానికి అనుమతి తీసుకుని బెజవాడ నుంచి మా ఊరికి బయలుదేరాను. గుడివాడ దాటి, కాలువ గట్టు మీదుగా ఊరి మొదటికి చేరేసరికి రోడ్డుకు అడ్డంగా ఒక తాటిదుంగ, దాని మీద తుమ్మకంప. అవతల నలుగురు కుర్రాళ్ళు. "ఏమనుకోకు బాబాయ్, మందులక్కడ పెట్టు, మేం అందిస్తాం" అన్నాడు వరసకు కొడుకయ్యే ఒకడు. ఆ కంచె వెయ్యమని ఏ అధికారీ చెప్పలేదు. ఆ రోజుల్లో రాష్ట్రంలో ఎన్నో ఊళ్ళు తమంతట తామే ఇలా కంపలు అడ్డం వేసుకున్నాయి.

2021 మే నెలలో మళ్ళీ వెళ్ళాను. మా పెదనాన్న నాలుగు రోజుల జ్వరంతో పోయారు. పరీక్ష చేయించలేదు. చేయిస్తే ఇంటికి ఎవరూ రారని భయం. పెదకర్మ నాడు, మధ్యాహ్నం పన్నెండుకు కర్ఫ్యూ మొదలవుతుందని పొద్దున్నే వడ్డించారు. వంద మందికి పైగా బంతిలో కూర్చున్నాం. నిరుడు నన్ను ఆపిన కుర్రాడే నాకు పప్పు వడ్డించాడు. మాస్కు తీసి జేబులో పెట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తాటిదుంగ రోడ్డు పక్కన పడి ఉంది.

పల్లెవాళ్ళకు తెలియదు, చెప్పినా వినరు అని పట్నంలో సులువుగా అనేస్తాం. తెలియని వాళ్ళైతే నిరుడు ఆ కంచె ఎలా వేశారు? తెలిసిన నేను బంతిలో ఎందుకు కూర్చున్నాను? జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఊరికి జబ్బు బయటినుంచి వస్తుందనీ, దాన్ని పొలిమేర దగ్గరే ఆపాలనీ మన ఊళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. మద్రాసు బిషప్పుగా పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ 1916లో అచ్చయిన తన గ్రామదేవతల పుస్తకంలో తెలుగు జిల్లాల పోలేరమ్మ కొలుపులను వివరంగా రాశాడు. బలి రక్తం కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ చల్లడం అందులో ముఖ్యమైన తంతు. తాటిదుంగ వేసిన కుర్రాళ్ళకు ఆ పుస్తకం తెలియకపోవచ్చు, పొలిమేర అంటే ఏమిటో తెలుసు.

మరి గడప సంగతి? మశూచి రోజుల్లో గడప దగ్గరా కట్టడి ఉండేది. ఇంట్లో 'అమ్మవారు పోసింది' అంటే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. పోపు పెట్టేవారు కాదు. పైవాళ్ళు లోపలికి వచ్చేవారు కాదు. తలకు నీళ్ళు పోసేదాకా ఆ నియమం సాగేది. పోలీసు లేకుండానే ఇదంతా జరిగేది. కారణం ఒకటే అనుకుంటాను. అక్కడ దూరంగా ఉండటం అమ్మవారికి ఇచ్చే మర్యాద. రోగిని వదిలేసినట్టు కాదు. (ఆ మర్యాద మశూచిని ఆపలేదు. దాన్ని ఆపింది టీకాయే. దేశంలో చివరి కేసు 1975లో.)

సర్కారు కట్టడికి ఈ మర్యాద ఎన్నడూ లేదు. ప్లేగు కోసం 1897లో తెచ్చిన అంటువ్యాధుల చట్టం ఇళ్ళ సోదాలతో జనానికి పరిచయమైంది. పూనాలో ఆ పని నడిపించిన రాండ్ మీద అదే ఏడాది జూన్ 22న చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. 2020 మార్చి 13న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోవిడ్ నిబంధనలు తెచ్చింది కూడా ఆ పాత చట్టం కిందనే. వాటితోపాటు వీధి చివర బారికేడ్లు, అంబులెన్సు, కడచూపు దక్కని చావులు వచ్చాయి. వేపమండ ఉన్న ఇంటికి జనం దూరం నుంచి దణ్ణం పెట్టేవారు. బారికేడు పెట్టిన వీధిని చూసి మొహం తిప్పుకున్నారు. ఇక పరీక్షకు ఎవరు వెళతారు? రోజుకూలికి నాట్లకు పోయే మనిషికి పద్నాలుగు రోజులు ఇంట్లో ఉండటమంటే పద్నాలుగు రోజుల కూలి పోవడం. ఒకే గది ఉన్న ఇంట్లో విడిగా ఉండమంటే ఎక్కడ ఉండాలి?

ఇది పల్లెల జబ్బు మాత్రమే కాదు. 2020 ఏప్రిల్లో బెజవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు ఇరుగుపొరుగుతో పేకాడటం వల్ల 24 మందికి సోకిందని కలెక్టరు చెప్పారు. వాళ్ళు వీధి దాటలేదు. పక్కింటివాడు పరాయివాడు కాదు గదా అనుకున్నారు, అంతే. మన దగ్గర ప్రమాదానికి ఎప్పుడూ కొత్త మొహమే ఉంటుంది.

టీకా విషయంలోనూ ఇదే చూశాను. 2020 డిసెంబరు చివర్లో టీకా సన్నాహక పరీక్షకు రాష్ట్రంలో ఎంచుకున్నది కృష్ణా జిల్లానే. అయినా మొదట్లో మా ఊళ్ళో చాలామంది వెనకాడారు. మే చావుల తరువాత మాత్రం, మా వీధి ఆశా కార్యకర్త, వలంటీరు ఇంటికొచ్చి "పిన్నీ, నేను వేయించుకున్నాను, రా" అంటే కదిలారు. 2021 జూన్ 20న రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షలకు పైగా టీకాలు పడ్డాయి. చావు భయం ఎంత, తెలిసిన మొహం ఎంత అని తూచి చెప్పలేను. రెండూ పనిచేశాయి.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. మన ఆచారాలకు తెలిసిన దూరాలన్నీ మర్యాదవి కావు. మాలపల్లెను ఊరికి అవతల పెట్టిందీ దూరమే. 'సామాజిక దూరం' అన్న ప్రభుత్వపు మాట వినగానే కొందరికి చివుక్కుమనడంలో వింత లేదు. కనుక పాత కట్టుబాట్లను తిరిగి తెచ్చుకుందామని నేననడం లేదు. దూరంగా ఉండమని చెప్పేటప్పుడు, ఆ దూరం అవమానం కాదని కూడా చెప్పగలగాలి. పోగొట్టుకున్న కూలి చేతిలో పెట్టగలగాలి.

పెదకర్మ నాడు మా పెద్దమ్మకు ఫోను చేసి "నేను రాకపోవడమే పెదనాన్నకు మర్యాద" అని చెప్పి ఉండవలసింది. ఆ మాట నాకు అప్పుడు తోచలేదు. ఆ తరువాత రెండు వారాల్లో ఆ బంతిలో కూర్చున్న ముగ్గురికి జ్వరం వచ్చింది. ముగ్గురూ బతికారు. అది మా తెలివి కాదు, అదృష్టం.

మీ ఊళ్ళలో కంచె ఎక్కడిదాకా నిలిచిందో మీకే తెలియాలి.