రంగములో నొక పగలు

చిన్ననాట మా నాయనమ్మ తన యన్నగారి ప్రసక్తి వచ్చినప్పుడెల్ల "రంగము పోయినాడు" అను నొక్కమాటతో ముగించెడిది. రంగమనగా రంగూను. ఆమెకు అది పట్టణము కాదు. మనుష్యులు లోపలికి పోయి మరల వెలుపలికి రాని యొక చీకటిగది. ఆ యన్నగారు కాకినాడ రేవున నోడ యెక్కెను. రెండు మనియార్డరులు వచ్చినవట. పిమ్మట నేమియు రాలేదు. బడిలో చరిత్ర బోధించుచు నిరువది యేండ్లు గడపిన పిదప, 2019 జనవరిలో కొలది దినముల సెలవు దొరకగా, ఒంటరిగా నా పట్టణమును చూడబోయితిని. నాకచట చిక్కినవి రెండు రాత్రులు, వాని నడుమ నొక పగలు.

సూర్యోదయమునకు ముందే సూలే పగోడా చెంత నిలిచితిని. పెద్దవీథులు కలియు కూడలి నడుమ నీ బంగారు స్తూపమున్నది. మోటారులు దానిచుట్టు తిరుగుచుండగా నవియు ప్రదక్షిణము చేయుచున్నవేమో యనిపించును. 1755లో అలౌంగ్‌పయా రాజు దగోను అను నీ యూరిని జయించి, కలహము ముగిసినదను నర్థము వచ్చునట్లు యాంగోన్ అని పేరుపెట్టెను. అదియే తెల్లవారి నోట రంగూనై, మనవారి నోట రంగమైనది. కలహము మాత్రము ముగియలేదు. 1852లో నాంగ్లేయులు పట్టణమును పట్టుకొని, మాంట్‌గోమరీ, ఫ్రేజరు అను నిరువురి యాలోచనచొప్పున సూలే స్తూపమును నడుమ నుంచి చదరంగపు బల్లవలె వీథులు తీర్చిరి. పెద్దవీథులకు గవర్నరుల పేర్లు, సందులకు వట్టి సంఖ్యలు. స్వాతంత్ర్యానంతరము డల్హౌసీ వీథికి, 1825లో నాంగ్లేయులతో పోరాడి మడిసిన మహాబందూల సేనాని పేరు పెట్టబడినది. సందుల సంఖ్యలు నేటికి నట్లే యున్నవి.

అక్కడినుండి అనోరథా వీథికి నడచితిని. 1871లో తమిళులు కట్టిన కాళికాలయ మీ వీథిననే కలదు. గోపురముమీది బొమ్మలు కొత్త రంగులతో మెరయుచుండెను. చుట్టును పప్పుదినుసుల యంగళ్లు, పూలదండలు, చక్కెర మెండుగా కలిపిన తేనీటి దుకాణములు. 1931 జనాభా లెక్కలో రంగూను పట్టణమునందున్న నాలుగు లక్షల మందిలో నూటికి 53 మంది భారతీయులు. బర్మా దేశపు ముఖ్యపట్టణములో బర్మావారే యల్పసంఖ్యాకులు! ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో చోటు చేసికొనలేదు. చోటు చేసికొన్నచో, అటుతరువాత జరిగినదానికి మనము మఱొకరీతిగా దుఃఖించి యుందుమేమో.

ఒక తేనీటి దుకాణములో వృద్ధుడొకడు నన్ను జూచి వచ్చీరాని హిందుస్తానీలో ఏ యూరని యడిగెను. చెప్పితిని. తన తాత కొరంగీవాడని యతడనెను. కొరంగి కాకినాడకు చేరువనున్న రేవు. 1839 నాటి తుపానులో నుప్పెన వచ్చి యా రేవును మ్రింగివేసినది. రేవు నశించినను, దాని పేరు సముద్రము దాటి వచ్చి యీ దేశమున తెలుగువాని కెల్ల జాతినామమైనది. తెలుగేమైన తెలియునా యంటిని. అతడు కన్నులు మూసికొని "ఒకటి, రెండు, మూడు" అని పదివరకు లెక్కపెట్టెను. అంతకు మించి యొక్క ముక్కయు రాదు. తాత రేవులో బియ్యపు మూటలు లెక్కించుచుండగా తన తండ్రి నేర్చినవట యా మాటలు.

ఆ లెక్క చెవిలో మ్రోగుచుండగానే స్ట్రాండురోడ్డుకు వచ్చి నదీతీరమున చాలసేపు గడపితిని. ఒకప్రక్క కచేరీల ఎఱ్ఱయిటుక మేడలు, స్తంభముల వరుసలు. రెండవప్రక్క రేవు. యాత్రికులు మేడలవంక చూతురు; నాకు రేవే చూడవలసినదిగా తోచినది. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము బియ్యపు టెగుమతిలో బర్మాను మించిన దేశము లేదు. ఏటేట సుమారు 30 లక్షల టన్నులు దాని రేవులనుండి వెళ్లుచుండెను. రంగూనులో నా మూటలను ఓడల కెక్కించిన భుజములు విశేషముగా తెలుగువారివి. రిక్షా లాగినవారిలోను వారే మిక్కిలి.

వారిని తెచ్చిన పద్ధతి చెప్పదగినది. మేస్త్రీ పల్లెకు వచ్చి ఓడచార్జీకి, ఇంటిఖర్చుకు బయానా యిచ్చును. అది అప్పు. కూలి మేస్త్రీ చేతిమీదుగా వచ్చును గనుక నప్పు తీరుట మేస్త్రీ దయ. వాని పైని పెద్దమేస్త్రీ, వాని పైని సరకెక్కించు కంట్రాక్టరు, అందరిపైని ఓడల కంపెనీ. ఒక్కొక్క గదిలో పదులకొలది మనుష్యులు. ఒకడు లేచి పనికి పోయినగాని మఱొకనికి చాప పరచుకొన చోటు లేదు. కంపెనీ దొర పరాయివాడు, వాని సంగతి యటుంచుదము. ఆ మేస్త్రీ యెవడు? తరచుగా కూలివాని జిల్లావాడే, కొన్నియెడల వాని గ్రామమువాడే. ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గగుచున్నది. మన విదేశవాసుల కష్టములను గూర్చి సభలలో మాటలాడునపుడు తెల్లదొరను దూషించి యూరకుందుము. మేస్త్రీని మఱచిపోదుము.

1930 మే నెల యా రేవుకు చెడ్డనెల. 5వ తేదీని భూకంపము వచ్చినది. అదేదినమున గాంధీమహాత్ముని నిర్బంధించిరి. పిమ్మట తెలుగు రేవుకూలీలు కూలి పెంపుకొఱకు సమ్మె కట్టిరి. సరకెక్కించు కంపెనీలు వారికి బదులుగా బర్మా కూలీలను దింపినవి. వారాపనికి కొత్తవారు, ప్రపంచమంతట ధరలు పడిపోయిన కాలమది, కూటికై వచ్చినవారు. మూడువారములు గడచునప్పటికి తెలుగువారితో రాజీ కుదిరినది. 26వ తేదీ యుదయమున బర్మావారు ఎప్పటివలె పనికి రాగా, మీరక్కరలేదు పొండని పంపివేసిరి. తిరిగి పనిలో చేరినవారు వారిని జూచి నవ్విరట. ఆ నవ్వునుండి కొట్లాట, కొట్లాటనుండి ఊచకోత. నాలుగైదు దినములలో నూరుమందికి పైగా చచ్చిరి. వారిలో నధికసంఖ్యాకులు తెలుగువారు. వేలకొలది జనులు పట్టణములోని పాత పిచ్చాసుపత్రి గోడలలోపల తలదాచుకొనిరి.

ఈ కథను చెప్పువారు కొందరు బర్మావారి క్రౌర్యమని, కొందరు విదేశీయుల యాక్రమణమని చెప్పుదురు. నా కీ రెండును చాలవు. 1930లో దిగువ బర్మాలో వరిపండు పొలములలో నూటికి ఆరువంతులు చెట్టియార్ల చేతిలో నుండగా, 1937 నాటికి నూటికి ఇరువదియైదు వంతులు వారి చేతిలోనికి పోయెను. పొలము పోగొట్టుకొన్న రైతు పట్టణమునకు వచ్చి చూచునప్పటికి కొట్టు భారతీయునిది, కొలువు భారతీయునిది, మూటయు భారతీయునిదే. కొట్టువానికి తలుపున్నది, కొలువువానికి పోలీసున్నాడు. మూటవానికి భుజము తప్ప మఱేమియు లేదు. దెబ్బ వానిమీద పడినది.

తరువాతి కాలము తొందరగా నడచినది. 1937లో బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1941 డిసెంబరు 23న జపాను విమానములు బాంబులు వేయగా, లక్షలమంది అరకాను కొండలమీదుగా, మణిపురపు టడవులమీదుగా కాలినడకను బయలుదేరిరి. వేలమంది త్రోవలోనే రాలిపోయిరి. నిలిచినవారిలో ననేకులు 1960 తరువాత సైనికప్రభుత్వము అంగళ్లను జాతీయము చేయగా ఓడలమీద తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట నేటికిని గలదు. మా నాయనమ్మ యన్నగా రీ మూడింటిలో దేనికి చిక్కిరో, లేక యంతకుముందే యే గదిలో జ్వరముతో పోయిరో!

మధ్యాహ్నము సెక్రటేరియట్ మేడ చూచితిని. 1947 జూలై 19న ఆంగ్‌సాన్ తన సహచరులతోకూడ నిక్కడనే కాల్చి చంపబడెను. చనిపోయిన మంత్రులలో రజాక్ గారి తండ్రి భారతీయ ముస్లిము. ఆ దినమున నేలపై పారిన రక్తములో నెవరి జాతి యెంతయో లెక్కించువారు లేకపోయిరి. అటుపై బహదూర్‌షా జఫరు సమాధికి పోయితిని. ఢిల్లీ కడపటి పాదుషా 1862లో నిచట బందీగా మరణింపగా, గోరీ తెలియరాకుండునట్లు పూడ్చివేసిరి. 1991లో త్రవ్వుచుండగా బయటపడినది. పాదుషాకే నూరేండ్లకు పైగా జాడ లేకపోయిన యూరిలో మూటకూలీ జాడ వెదకవచ్చిన నా వెఱ్ఱికి నాకే నవ్వు వచ్చినది.

సాయంకాలమున శ్వేడగోను కెక్కితిని. మూడువందల యడుగులకు మించిన యా స్వర్ణస్తూపమును వర్ణించుట నాకు చేతగాదు. 1825లో నాంగ్లేయసైనికులు దాని మహాఘంటను దోచుకొనిపోవ యత్నింపగా నది నదిలో పడినది. తామే యెత్తలేక విడువగా బర్మావారు పైకి లాగి తెచ్చుకొనిరి. దొరలు చెప్పులతో పగోడాలలో తిరుగరాదని 1916 మొదలు మూడునాలుగేండ్లు వాదించి గెలిచినది కూడ నీ జనమే. నేనును చెప్పులు విడిచి చలువరాతిమీద నడచితిని. చెప్పులు తప్ప నన్నెవరును మఱేమియు విడువుమనలేదు, కులమడుగలేదు. ఓడ యెక్కిన కూలీలలో మాలమాదిగ లెందరో యుండిరి. 1947లో ఆలయప్రవేశ శాసనము వచ్చువరకు తమ యూరి కోవెల గడప దాటుటకు వారికి హక్కులేదు. అట్టివాడొక్కడు మూటలు దించి వచ్చి యీ రాళ్లమీద నిలిచి యుండునా? బర్మావారిలో దోషము లేదని నేననను. పగోడా దాసులను వారును వెలివారిగా జూచిరి. అయినను నా మనస్సు చాలసేపు ఆ మెట్లమీదనే యుండిపోయినది.

రాత్రి మరల ఆ తేనీటి దుకాణమునకే పోయితిని. వృద్ధుడు గుర్తుపట్టి తన చిట్టాపుస్తకములో నొక కాగితము చింపి యిచ్చి, తాతగారి లెక్క నా యక్షరములలో వ్రాసి చూపుమనెను. ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు పదివరకు వ్రాసితిని. అతడు కాగితమును దీపమునకు దగ్గరగా పట్టి చూచి, పెన్సిలు తీసికొని వాని ప్రక్కనే తన బర్మా అంకెలు వ్రాయసాగెను. ఒకటి యొకటివలెనే యున్నది. రెండు నంతే. దక్షిణాపథపు లిపి యొకటి వేయేండ్లకు పూర్వమే ఓడలమీద నీ దేశమునకు వచ్చిన సంగతి యతని కేమి తెలియును! "ఇవి మావే గదా" అనెను. కాదనుటకు నాకు నోరు రాలేదు. ఆ కాగితము నతని యొద్దనే విడిచి, తేనీటికి డబ్బు పుచ్చుకొనుమనగా నతడు పుచ్చుకొనలేదు.