సముద్రము విడిచిన నేల ఎవరిది?

స్వస్థలమునుండి వచ్చిన బంధువులను కామాఠిపుర వీధులగుండ తీసికొని పోవునపుడు వారు మమ్ము మొదట అడుగునది ఈ పేట పేరును గూర్చియే. కామాఠీలనగా నిజాము రాజ్యమునుండి వచ్చి, రాళ్లు కొట్టి, సున్నము కలిపి, గోడలు లేపిన మనవారే. 18వ శతాబ్ది చివరి సంవత్సరములలో వారిచ్చట స్థిరపడుటచే ఆ పేరు నిలిచెను. ఇంతవరకు మన పిల్లలకును తెలిసినదే. అంతకుముందు ఈ నేలమీద ఏమి యుండెనని మాత్రము ఎవరును అడుగరు. ఉప్పునీరుండెను.

మహాలక్ష్మికిని వర్లీకిని నడుమ నుండిన గండిలోనుండి పోటువేళ సముద్రము దీవి నడిబొడ్డువరకు వచ్చుచుండెను. పాయధుని యను పేరు నేటికిని దానికి సాక్ష్యము; పాదములు కడుగుకొను చోటని దాని అర్థము. 1771 మొదలు 1784 వరకు గవర్నరుగా నుండిన హార్న్‌బీ పూనికతో ఆ గండికి అడ్డుకట్ట పడెను. దానినే హార్న్‌బీ వెల్లార్డు అందురు. కట్ట పడినంతనే నేల ఆరిపోలేదు. ఏండ్ల తరబడి బురదగా నుండి, ఊరి చెత్తతోను మట్టితోను మెల్లమెల్లగా మెరకయ్యెను. పట్టణమున మెరక యెన్నడును కూలివానికి దక్కదు. మన పూర్వులకు దొరకినది ఆ పల్లమే. వానకాలమున కామాఠిపుర గల్లీలలో నిలుచు నీటిని చూచి విసుగుకొనువారు ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక.

సముద్రము విడిచిన నేల ఎవరిది? ఏలువానిదని చట్టము చెప్పెను. 1668లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు ఈ దీవిని ఏటికి పది పౌనుల కౌలుకు ఈస్టిండియా కంపెనీ కిచ్చెను. 1858లో కంపెనీ పాలన అంతరించి అధికారము మరల రాణికి పోయెను. ఆటుపోటుల నడుమ నుండు తీరభూమి ప్రభుత్వ సొత్తుగనే నిలిచెను. అయితే సొత్తులందు భేదము కలదు. దేవాలయపు మాన్యమునకు ధర్మకర్త యజమానివలె కనబడును; శిస్తు వసూలు చేయును, కౌలు కిచ్చును, వ్యాజ్యము వేయును. కాని దానిని తెగనమ్ముకొనుటకు అతనికి హక్కు లేదు. ఊరి చెరువును పోరంబోకును మనవారు ఇట్టి దృష్టితోనే చూచిరి. బొంబాయి తీరమును గూర్చి ఈ ధర్మకర్తృత్వపు మాట రెండు వందల సంవత్సరములు ఆలస్యముగా పుట్టెను. పుట్టుటకు కారణము కూడ లోకోపకారబుద్ధి మాత్రమే కాదు.

అమెరికాలో అంతర్యుద్ధము జరుగు కాలమున ప్రత్తి ధరలు మిన్ను ముట్టగా, ఊరిలోని ధనమంతయు సముద్రమును పూడ్చు కంపెనీల వాటాలమీద పడెను. 1865లో యుద్ధము ముగియగనే ఆ కంపెనీలు కూలిపోయెను. తూర్పుతీరమున ఎల్ఫిన్‌స్టన్ కంపెనీ యొకటి మాత్రము నిలిచెను. ఓడలు సరకు దింపు తీరమంతయు ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో చిక్కెనని వర్తకులు మొరపెట్టగా, ప్రభుత్వము తాను ధారపోసిన తీరమునే 1870లో తిరిగి కొనవలసి వచ్చెను. 1873లో బొంబాయి పోర్టు ట్రస్టు ఏర్పడి ఆ నేల దాని వశమయ్యెను. పేరు ట్రస్టే. ధర్మకర్తలు మాత్రము ప్రభుత్వము వారును వర్తక ప్రముఖులును. ఆ రేవులలో మూటలు మోసినవారికి అందు చోటు లేదు. 1880లో ప్రిన్సెస్ డాక్, 1888లో విక్టోరియా డాక్, 1914లో అలెగ్జాండ్రా డాక్ తెరువబడెను. మజగాము, శివ్డీల వద్ద వందలాది ఎకరముల సముద్రము నేలయ్యెను. తుదకు ఆ సంస్థ చేతిలో సుమారు 1,800 ఎకరములు, అనగా పాత నగరపు దీవిలో ఇంచుమించు ఎనిమిదవ వంతు నేల చేరెను.

రెండవ ట్రస్టు మహామారితో పుట్టెను. 1896లో ప్లేగు వచ్చెను. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడెను. ప్రభుత్వమును మునిసిపాలిటీయు తమ ఖాళీ నేలలను దాని కప్పగించెను. కొలాబా పడమటి తీరమున నేడు కఫ్ పరేడ్ అనబడు నేల ఈ ట్రస్టు సముద్రమును పూడ్చి తీసినదే. దాని తొలి పథకములలో నాగ్‌పాడా యొకటి. అది కామాఠిపురమునకు ఆనుకొని యున్న పేట. గాలి వెలుతురుల పేరిట ఇండ్లు కూలగొట్టబడెను. కూలిన ఇంటివారు పక్క పేటలలో ఇరుకుకొనిరి. ఎత్తైన తీరభవనములకు నేలను పుట్టించుటయు, పేదవాని గదిని పడగొట్టుటయు ఒక్క సంస్థయే చేసెను. పదునలుగురు ధర్మకర్తలలో మునిసిపాలిటీ ఎన్నుకొన్నవారు నలుగురే యని చెప్పిన ఈ తీరు కొంత బోధపడును.

అయితే ఈ ట్రస్టు గతి పోర్టు ట్రస్టు గతివలె కాలేదు. 1925లో చట్టము చేసి, 1933 నాటికి దానిని పూర్తిగా మునిసిపాలిటీలో కలిపివేసిరి. ప్రభుత్వపు తీరభూమి కొంత ఈ విధముగ ఒక చేయి మారి స్థానికసంస్థ పాలయ్యెను. నగర చరిత్రలో దీనిని ఒక పంక్తిలో చెప్పి విడుతురు. మాకది పెద్ద సంగతిగా తోచును.

ఏలనగా మునిసిపాలిటీకిని మనకును నడుమ బంధుత్వము పాతది. బోరీబందరు ఎదుటనున్న దాని భవనమునకు 1884లో పునాదిరాయి పడి, 1893లో పని ముగిసెను. దానిని కట్టించిన కంట్రాక్టరు వెంకు బాలాజీ కళేవార్, మన తెలుగువాడు, మహాత్మ జ్యోతిబా ఫూలే సత్యశోధక సమాజమునకు ఆప్తులైన బొంబాయి తెలుగువారిలో ఒకడు. మంజూరైనది 11,88,082 రూపాయలు, ఖర్చయినది 11,19,969. మిగిలిన 68,113 రూపాయల మాట మన వృద్ధులు గర్వముతో చెప్పుకొనదగినది. మంజూరు మించని సర్కారు కట్టడము అప్పుడును అపురూపమే, ఇప్పుడును అపురూపమే.

భవనము కట్టినవానికి ఆ సభలో ఓటు మాత్రము తేలికగా దొరకలేదు. చాలకాలము ఓటు పన్ను చెల్లించువారిదే. 1922లో నెలకు పది రూపాయల అద్దె ఇచ్చువారికి అది లభించెను. వయోజనులందరికిని ఓటుతో ఎన్నిక జరిగినది 1948లో. కావున 1933లో నేల ఊరి చేతికి వచ్చెనన్నప్పుడు ఆ ఊరనగా ఎవరని అడుగక తప్పదు. ఒక్క గదిలో కాపురముండిన మన తాతలు అందు పూర్తిగా చేరుటకు మరి పదునైదేండ్లు పట్టెను. ఆలస్యమైనను తలుపు తెరచుకొన్నది. మునిసిపాలిటీ నడపిన తెలుగు బడులు ఆ తలుపుగుండ వచ్చినవే. ఓటరు అడిగినచో బడి వచ్చును; పోర్టు వారిని అడుగుటకు మనకు ఓటేది?

ఇక చాళ్ల సంగతి. 1920లో గవర్నరు జార్జి లాయిడ్ స్థాపించిన డెవలప్‌మెంట్ శాఖ రెండు పనులకు పూనుకొనెను: బ్యాక్‌బే సముద్రమును పూడ్చుట, కార్మికులకు చాళ్లు కట్టుట. ప్రత్తి బేలు ఒక్కింటికి రూపాయి చొప్పున పన్ను వేసి చాళ్లకు డబ్బు కూర్చిరి. సముద్రపు పని అపహాస్యము పాలయ్యెను. 1926లో విచారణ జరిగెను. దాని అక్రమములను బయటపెట్టిన నారిమన్ మీద హార్వీ యను ఇంజనీరు పరువునష్టపు దావా వేసి ఓడిపోయెను. చాళ్లు మాత్రము నిలిచెను. వర్లీలో 121, నాయ్‌గావులో 42, డిలైల్ రోడ్డులో 32, శివ్డీలో 12, మొత్తము 207. వర్లీ, పరేలు ప్రాంతముల మిల్లులలో మగ్గములు నడపిన మన పద్మశాలీలకు ఈ బి.డి.డి. చాళ్ల పేరు సొంత ఊరి పేరంత పరిచితము. వీనిలో శివ్డీ చాళ్ల అడుగునేల పోర్టు ట్రస్టుది.

ప్రపంచమున ఈ వివాదము మన యొక్కరిదే కాదు. షికాగో నగరపు సరస్సుతీరమును ఒక రైలు కంపెనీకి ధారాదత్తము చేసిన శాసనసభ తన దానమును తానే రద్దు చేసికొనగా, అట్టి తీరము ప్రజల తరఫున ప్రభుత్వము వహించు ధర్మమనియు, దానిని ఆ విధముగ వదలుకొనరాదనియు 1892లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ మాటనే మన సుప్రీంకోర్టు 1996లో కమల్‌నాథ్ వ్యాజ్యమున, బియాస్ నదీతీరపు నేల విషయమున, మన చట్టములో భాగముగా స్వీకరించెను. మన పిల్లలు అనేకులు నేడు కాపురమున్న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఉదాహరణ ఇంకను దగ్గరిది. అచ్చటి రేవును కాలిఫోర్నియా రాష్ట్రము 1968 నాటి బర్టన్ చట్టముచే 1969లో నగరమునకు అప్పగించెను. కాని ఉత్తచేతుల అప్పగింత కాదది. తీరము ప్రజల ట్రస్టుగా నుండవలెను. దాని రాబడి ఆ ట్రస్టు పనులకే వెచ్చింపవలెను. నగరము తప్పినచో అడుగు హక్కు రాష్ట్రమునకు కలదు. దేవుని మాన్యమునకు మన పెద్దలు పెట్టిన కట్టుబాటులే ఇవి.

బొంబాయి తూర్పుతీరమున ఇట్టి అప్పగింత జరుగలేదు. 2014లో కేంద్రము నియమించిన సంఘము తీరమును ప్రజలకు తెరచుటను గూర్చి ఆలోచించెను. 2018లో రాష్ట్రప్రభుత్వము పోర్టునే తన నేలకు ప్రణాళికాధికారిగా నియమించెను. 2021 నాటి చట్టముతో సంస్థ పేరులోని ట్రస్టు పోయి అథారిటీ వచ్చెను. దీనిచే నేల చేతులు మారలేదు. మాట మాత్రము మారెను. మునిసిపాలిటీ చేతిలో పెట్టినచో సర్వము సుఖాంతమగునని మేము భ్రమపడుట లేదు. దీర్ఘకాలపు కౌలుల పేరిట విలువైన స్థలములను స్వల్పపు అద్దెలకు విడిచిన చరిత్ర ఊరి సంస్థకును కలదు. అయినను దాని తప్పును వార్డు సభలో నిలదీయవచ్చును.

ఈ భేదము పుస్తకములకే పరిమితము కాదు. 2017లో వర్లీ, నాయ్‌గావు, డిలైల్ రోడ్డు చాళ్ల పునర్నిర్మాణమునకు రాష్ట్రము పూనుకొనెను. 160 చదరపుటడుగుల గదికి బదులు 500 చదరపుటడుగుల ఇల్లని వాగ్దానము. 2025 ఆగస్టులో వర్లీలో 556 కుటుంబములకు తాళపుచెవులు అందెను. అదే శాఖ, అదే కాలమున, అదే కొలతకు కట్టిన శివ్డీ చాళ్లు పన్నెండును ఆ పథకమున చేరలేదు. అడుగునేల పోర్టుదగుటయే కారణము.

మన కుటుంబముల పాతపెట్టెలలో అద్దె రసీదులు ఇంకను ఉండవచ్చును. వాని తలకట్టున అభివృద్ధి ట్రస్టని యున్నదో, డెవలప్‌మెంట్ శాఖయని యున్నదో, పోర్టు ట్రస్టని యున్నదో ఒకసారి చూడుడు. అట్టి కాగితములున్నవారు నకళ్లను మన సంఘ కార్యాలయమునకు అందజేసినచో, వచ్చు సంపుటమున ఏ చాళు ఏ నేలమీద నిలిచెనో పేటవారీగా వ్రాయగలము.