జనక్షేమమునకుఁ గొలమానము

మద్దికెర, ఆదోని మొదలగు మన సీమను 1800వ యేట నిజాము కుంపిణీవారి కొసంగెను. పిమ్మట మన్రో దొర పొలములను గొలిపించెను. అది శిస్తునకై చేసిన లెక్క. ప్రజల బ్రదుకును దెలిపిన లెక్క వేఱు. 1876-78 నాఁటి ధాతకఱవువలన, 1871, 1881 జనగణనముల నడుమఁ గర్నూలు జిల్లా జనము నాలవవంతునకుఁ బైగాఁ దగ్గెను. కఱవుపనులలోఁ గూలివానికి దినమునకుఁ బౌను ధాన్యమును, కొలఁది డబ్బును జాలునని టెంపుల్ దొర యనఁగా, ఆరోగ్యాధికారి కార్నిష్ దొర, మనుష్యుల శరీరములు కృశించుచున్నవని వాదించెను. తుదకు 1877లోఁ గూలి పెంచిరి. ఖజానాను గాక కడుపును జూచిన యీ లెక్కయే నాకు నచ్చినది.

సభాసదులారా! మన సంఘమువారు పట్టభద్రుల పట్టికను బ్రకటించుచున్నారు, మంచిదే. కాని మన పల్లెలనుండి సుగ్గికై గుంటూరు సీమకుఁ బోవు కుటుంబము లెన్ని? వెంటఁ బోయి బడి మానిన బాలిక లెందఱు? తాళము పడిన యిండ్లను ఊరూర లెక్కించి, వచ్చు మహాసభకుఁ దెప్పింపఁ బ్రార్థించుచున్నాను.