ఉన్ని మోసే తుంగ

అలాస్కా, కెనడా, స్కాండినేవియా, సైబీరియాల చిత్తడి నేలల్లో వేసవి రాగానే తెల్లని కుచ్చులు తలలూపుతాయి. ఆ మొక్కను ఇంగ్లీషువారు 'కాటన్ గ్రాస్' అన్నారు. అందులోని రెండు మాటలూ సరిపడవు. పత్తి పోగు గింజ తొక్క మీద పుడుతుంది. ఇక్కడ పూరేకుల స్థానంలోని నూగే పొడవుగా సాగి, కాయను గాలిలో తేలుస్తుంది. గడ్డి కాడ సాధారణంగా బోలుగా, కణుపులతో ఉంటుంది. ఈ మొక్క చెందిన తుంగ కుటుంబంలో కాడ నిండుగా, తరచు మూడంచులతో ఉంటుంది, ఆకులు మూడు వరసల్లో వస్తాయి. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ రాసిన 'ఎరియోఫోరమ్ వజైనేటమ్' ఇంతకంటే నిజాయితీగల పేరు: గ్రీకులో 'ఎరియన్' ఉన్ని, 'ఫోరోస్' మోసేది, లాటిన్ విశేషణం కాడను పొదివిన ఆకు ఒరను చెబుతుంది. ఈ జాతిలో కాడకు ఒక్కటే కుచ్చు. దాని బంధువు అంగుస్టిఫోలియమ్‌కు అనేకం.

జనం కంటికి కనిపించిన పోలికతోనే పేరు పెడతారు, అందులో తప్పేమిటని అడగవచ్చు. నిజమే. కానీ తుంగచాప, తుంగముస్తలు అన్న మనవాళ్లదీ కంటిచూపే. కొందరు తుంగగడ్డి అన్నా, 'తుంగ' అనే మాట విడిగా నిలిచే ఉంది. అందుకే 'పత్తిగడ్డి' అని అనువదించకుండా, 'ఉన్నితుంగ' అందాం.