చదివినన్నాళ్ళు బువ్వ ఎవరు పెట్టారు?

సైకాలజీలో ఎం.ఎ. పాసైన ఏడాది, క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్.లో సీటు వచ్చిందని ఇంట్లో చెప్పాను. మా అమ్మ అడిగిన మొదటి మాట: "రెండేండ్లు సదువుకుంట ఉంటే నెలకెంత ఇస్తరు బిడ్డా?" ఇచ్చేదేమీ లేదు, మనమే కట్టాలన్నాను. అది ప్రైవేటు సంస్థ, ఫీజు లక్షల్లో ఉంది. అమ్మ కొంచెంసేపు ఊకుండి, "దవాఖానల పని చేపిచ్చుకుంట పైసలు కూడ వాళ్ళే తీసుకుంటరా?" అన్నది. నేను ఆ సీటులో చేరలేదు. కొన్నాళ్ళకు ఎస్సీ విద్యార్థుల ఫెలోషిప్ దొరికితే, దాని మీద బతుకుతూ ఈ వృత్తి చరిత్ర మీదే పరిశోధనకు కూర్చున్నాను. మా అమ్మ ప్రశ్న నా వెంటే వచ్చింది.

క్లినికల్ సైకాలజిస్టుకు ఎంత వస్తుంది, గంటకు ఎంత తీసుకుంటారు అని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ గంట మొదలయ్యేదాకా ఏళ్ళ తరబడి అతనికి అన్నం పెట్టిందెవరు అని అడిగేవాళ్ళు తక్కువ. జీతం లెక్క ఉద్యోగంతో మొదలు కాదు, శిక్షణ గుమ్మం దగ్గర మొదలవుతుంది. దీన్ని చరిత్రలో పెట్టి చూడాలంటే అమెరికా పోవాల్సిందే. ఈ వృత్తికి ఇప్పుడున్న రూపం, హోదా, జీతం అన్నీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడే ఖాయమయ్యాయి.

యుద్ధానికి ముందు అక్కడ కూడా సైకాలజిస్టు అంటే పిల్లల క్లినిక్కుల్లో డాక్టరు కింద పరీక్షలు పెట్టే మనిషి. 1945లో యుద్ధం ముగిసేసరికి మాజీ సైనికుల ఆసుపత్రుల్లో సగానికి పైగా రోగులు మానసిక, నాడీ సంబంధమైన బాధలతో ఉన్నవాళ్ళే. చూసేవాళ్ళు లేరు. 1946లో వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ శాఖ 22 విశ్వవిద్యాలయాలతో కలిసి సుమారు 200 మందిని శిక్షణలోకి తీసుకుంది. వాళ్ళు పీహెచ్‌డీ చదువుతూనే ఆసుపత్రిలో కొన్ని గంటలు పని చేస్తారు. ఆ గంటలకు సర్కారు జీతం ఇస్తుంది. అదే ఏడాది జాతీయ మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది, శిక్షణకు మరింత డబ్బు కదిలింది. 1949లో బౌల్డర్ పట్నంలో కూడిన సదస్సు ఈ వృత్తికి పీహెచ్‌డీయే ప్రమాణమని తేల్చింది. గమనించండి, చదువు కాలం పెంచారు గానీ ఆ కాలానికి కూలి కట్టే ఏర్పాటు ముందే జరిగిపోయింది. అంటే ఇది అప్పు చేసి చదివే చదువు కాదు, మా అమ్మ లెక్కలో నౌకరే.

మరి ఆ నౌకరీ ఎవరికి దొరికింది? నల్లవాళ్ళకు ఇవ్వొద్దని ఏ కాగితం మీదా రాయలేదు. రాయనక్కర్లేదు. డబ్బు సర్కారుది, ఎవర్ని చేర్చుకోవాలన్న అధికారం విశ్వవిద్యాలయ శాఖలది. దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళ విశ్వవిద్యాలయాల్లోకి నల్లవాళ్ళను రానివ్వలేదు. నల్లవాళ్ళ హోవార్డ్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ ఉంది, ఎం.ఎ. వరకే. ఆ శాఖను నడిపిన ఫ్రాన్సిస్ సమ్నర్ 1920లో సైకాలజీలో పీహెచ్‌డీ పొందిన మొదటి నల్లజాతి మనిషి. ఆయన తయారుచేసిన పిల్లలు ఆ పైన ఉత్తరాదికి పోయి తలుపులు తట్టాల్సిందే. 1969లో అచ్చయిన ఒక సర్వే ప్రకారం 1920 నుంచి 1966 దాకా దేశంలో పేరుమోసిన పది సైకాలజీ శాఖలు 3,700కు పైగా పీహెచ్‌డీలు ఇచ్చాయి. అందులో నల్లవాళ్ళకు వచ్చినవి 8. పదింటిలో ఆరు శాఖలు ఒక్కటీ ఇవ్వలేదు.

హోవార్డ్ నుంచి అలా పోయినవాళ్ళలో ఒకరు మేమీ ఫిప్స్ క్లార్క్. ఆమె 1917లో ఆర్కన్సాలో పుట్టింది. కూలి బిడ్డ కాదు, తండ్రి డాక్టరు. ఈ సంగతి దాచిపెట్టి ఆమెను కథానాయికను చేయడం నాకు ఇష్టం లేదు. హోవార్డ్‌లో లెక్కలు చదవడానికి చేరి, తర్వాత భర్త అయిన కెనెత్ క్లార్క్ మాట మీద సైకాలజీకి మారింది. రోజెన్వాల్డ్ నిధి ఫెలోషిప్ ఇవ్వబట్టి న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోగలిగింది. అక్కడ ఆమె గైడు హెన్రీ గారెట్, నల్లవాళ్ళకు పుట్టుకతోనే తెలివి తక్కువని నమ్మిన మనిషి. 1952లో వర్జీనియా స్కూళ్ళ కేసులో వేరుబడుల పక్షాన కోర్టులో సాక్ష్యం చెప్పింది ఆయనే. 1954 బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో అదొకటి. ఆ తీర్పుకు ఆధారమైన పరిశోధనల్లో క్లార్క్ దంపతుల బొమ్మల పరీక్షలూ ఉన్నాయి. ఆ పరీక్షలకు మూలం మేమీ ఎం.ఎ. పరిశోధన.

కొలంబియా అనగానే మనకు అంబేద్కర్ గుర్తొస్తాడు. ఆయన 1913లో అక్కడికి పోయింది బరోడా సంస్థానం మూడేళ్ళపాటు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల మీద. అది అయిపోయాక 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. నౌకరీకి బరోడా పోతే ఉండడానికి గది దొరకలేదు. ఆ కథ మనందరికీ తెలుసు. నేను చూడమనేది ఆ పదకొండున్నర పౌండ్లను.

మేమీ 1943లో పీహెచ్‌డీ పూర్తిచేసింది. కొలంబియాలో సైకాలజీ పీహెచ్‌డీ తీసుకున్న నల్లవాళ్ళలో ఆమె భర్త తర్వాత రెండో మనిషి. అయినా ఉద్యోగం ఎక్కడిది? ఒక ఆరోగ్య సంఘంలో నర్సుల గురించిన లెక్కలు చూసే పని దొరికింది. క్లినికల్ పని చేద్దామని హార్లెంలో ఉన్న సంక్షేమ సంస్థల్ని, నల్లపిల్లల కోసం సేవలు పెంచమని భార్యాభర్తలు అడిగారు. ఎవరూ ముందుకు రాలేదు. 1946లో, అంటే ప్రభుత్వం 200 మందికి జీతాలిస్తూ శిక్షణ మొదలుపెట్టిన ఆ ఏడాదే, మేమీ తండ్రి దగ్గర 946 డాలర్లు అప్పు తీసుకుని హార్లెంలో ఒక ఇంటి అడుగు అంతస్తులో నార్త్‌సైడ్ కేంద్రం తెరిచింది. పనిచేయడానికి వచ్చిన నిపుణులు చాలామంది జీతం అడగకుండా వచ్చారు. 1942 నుంచి సిటీ కాలేజీలో కెనెత్‌కు ఉద్యోగం ఉండబట్టే ఇల్లు గడిచిందని నేననుకుంటున్నాను. డాక్టరు బిడ్డకే అప్పు కావాల్సి వస్తే, పత్తిచేలల్లో పాలుకు చేసినవాళ్ళ బిడ్డ ఈ వృత్తిలోకి ఏ దారిన వచ్చేది?

ఆ కేంద్రం చేసిన మొదటి పనుల్లో ఒకటి, మందబుద్ధి తరగతుల్లోకి నెట్టేసిన హార్లెం పిల్లలకు మళ్ళీ పరీక్షలు పెట్టడం. చాలామంది ఆ తరగతుల్లో ఉండాల్సిన పిల్లలే కాదని తేలింది. ఇది చదివినప్పుడు నాకు ఎం.ఎ. రోజుల్లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చూసిన సంగతి గుర్తొచ్చింది. పరీక్ష పెట్టే ఆయన ఒక పెద్దమ్మను పుస్తకాల తెలుగులో సామెతకు అర్థం చెప్పమన్నాడు. ఆమె మొఖం చూసింది. సున్నా వేశాడు. ఆమెకు సామెతలు రాక కాదు, ఆయన తెలుగు రాక. మా వాడలో పుట్టిన మనిషి ఆ కుర్చీలో ఉంటే ఆ కాగితం మీద ఇంకో అంకె ఉండేది.

అమెరికాలో నల్ల సైకాలజిస్టులు 1968లో సొంత సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది నల్ల విద్యార్థులు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సభ వేదిక మీదికే ఎక్కి అడ్మిషన్లు, డబ్బు అడిగారు. అల్పసంఖ్యాక జాతుల విద్యార్థుల కోసం ప్రభుత్వ నిధులతో ఫెలోషిప్ పథకం 1974లో వచ్చింది. తెల్లపిల్లలకు 1946లో దొరికిన వసతి 28 ఏళ్ళ తర్వాత, అదీ కొట్లాడితే దొరికింది.

మన దగ్గర ఈ చదువు 1955లో బెంగుళూరులో, తర్వాత నిమ్హాన్స్ అయిన సంస్థలో డిప్లొమాగా మొదలైంది. అలాంటి ప్రభుత్వ సంస్థల్లో రిజర్వేషను ఉంది, స్టైపెండు ఉంది, సీట్లు మాత్రం వేళ్ళ మీద లెక్క. 1992 పునరావాస మండలి చట్టం, పేరు నమోదు కానివాళ్ళు ఈ పని చేస్తే ఏడాది దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ అన్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఎవరు క్లినికల్ సైకాలజిస్టో చెబుతూ, రెండేళ్ళ పూర్తికాలపు ఎం.ఫిల్. అని రాసింది. పూర్తికాలం అంటే ఇంకో పని చేసుకునే వీల్లేదు. రోగికి రక్షణ కావాలి, నేను కాదనను. కానీ ఆ రెండేళ్ళు ఎవరు పోషిస్తారన్న మాట ఆ నిర్వచనంలో లేదు. ప్రభుత్వం వదిలేసిన జాగా ప్రైవేటు సంస్థల ఫీజులతో నిండింది. 2022లో యూజీసీ ఎం.ఫిల్.నే ఎత్తేసింది, తర్వాత ఈ కోర్సుకు 2025-26 దాకా గడువు ఇచ్చింది. సిలబస్ గురించి, శిక్షణ గంటల గురించి చర్చ బాగానే జరిగింది. స్టైపెండు గురించి అంత చర్చ నేను వినలేదు.

మా హాస్టల్లో జూనియర్ ఒకమ్మాయికి నాలాగే ప్రైవేటు సంస్థలో సీటొచ్చింది. ఈసారి వదలొద్దని మా ఫెలోషిప్పుల్లోంచి తలా ఇంత వేసుకున్నాం. మొదటి ఏడాది ఫీజు నిండింది. రెండో ఏడాది ఫీజు కోసం వాళ్ళన్న మస్కట్ పోయాడు.